ఇద్దరి మాటలు తారుమారు చేశాను

ఆరేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. ఏడుస్తూ మోశాననుకోకండి. దండలు వేయించుకుంటూ, నవ్వుతూ మోశాను. మీకు నా పేరు తెలియదు, ముఖం తెలియదు. అందుకే మీకు ఏదీ దాచకుండా చెప్పగలను.

మాది సరిహద్దు అవతల, హిందీ రాష్ట్రంలోని బాసగూడ వైపు. చదువు దంతెవాడ హాస్టల్లో, కాపురం గీదంలో. ఇంట్లో తెలుగు, ఇరుగుపొరుగుతో దోర్లీ, బడిలో హిందీ. ఈ మూడూ వచ్చని పార్టీవాళ్లు నన్ను పిలిచారు. మా పార్టీ ఏం చెబుతుందో కూడా దాచను. ఈ నేల మన దేవుళ్లది, మతం మారినవాళ్లు పరాయివాళ్లు. నేనూ గొంతు చించుకుని అదే చెప్పాను. నమ్మే చెప్పానా? నమ్మాను. చప్పట్లు పడే మాటను నమ్మడం చాలా తేలిక.

మా జిల్లా అధ్యక్షుడు ముసలాయన. ఆయన హిందీలో ఒక ముక్క అంటే, ఊళ్లవాళ్ల కోసం నేను తెలుగులో, దోర్లీలో ఒక ముక్క అనేదాన్ని. తొమ్మిదేళ్లు. ఒక్కసారి కూడా నాకు వేదిక మీద కుర్చీ వేయించలేదు. మైకు పక్కన నిలబడాలి, పని అయ్యాక దిగిపోవాలి. ఆ కోపం లోపల రగులుతూనే ఉంది. అందుకే రోడ్ల పనులు గుత్తకు పట్టే ఠేకేదారు ఒకాయన అధ్యక్ష పదవికి పోటీకి దిగి, గెలిస్తే మహిళా విభాగం నీదే అన్నప్పుడు మారుమాట లేకుండా ఒప్పుకున్నాను.

గీదం సామాజిక భవన్‌లో మధ్యాహ్నం ఎన్నిక. చేతులెత్తే పద్ధతి. హిందీవాళ్లు సగం అటు, సగం ఇటు. తేల్చవలసింది మా వైపు నుంచి రెండు పికప్‌లలో వచ్చిన కార్యకర్తలు. సంతలో బేరమాడేంత హిందీ వాళ్లకు వచ్చు. మైకులో గడగడా చదివే హిందీ రాదు. వాళ్ల ఇళ్లలో ఒకరు జాతరకు పోతే ఇంకొకరు చర్చి ప్రార్థనకు పోతారు. చర్చికి పోయేవాళ్లు చనిపోతే సొంత పొలంలో పూడ్చనిస్తారా లేదా అన్నదే వాళ్ల గుబులు.

ముసలాయన లేచి, అంతకుముందెన్నడూ అనని మాట అన్నాడు. బతికున్నవాళ్లతో ఎంతైనా పోట్లాడదాం, చనిపోయినవాళ్లను మాత్రం వాళ్ల పొలంలో పూడ్చుకోనిద్దాం అన్నాడు. పిడికెడు మట్టి కూడా ఇవ్వనని ఠేకేదారు చెప్పబోతున్నాడు. అది పొద్దున్నే నాకు చెప్పి ఉంచాడు. నేను ఒకరి మాట తెచ్చి ఇంకొకరి నోట్లో పెట్టాను. ముసలాయన మట్టి ఇవ్వనంటున్నాడన్నాను. తర్వాత ఠేకేదారు మాట్లాడినప్పుడు, ఆయన ఎవరికీ అడ్డం రాడన్నాను. హిందీవాళ్లు చప్పట్లు కొట్టిన చోటే మావాళ్లూ కొట్టారు, వేరే మాటకు.

ఠేకేదారు పేరు చెప్పగానే మావాళ్ల చేతులన్నీ లేచాయి. డోళ్లు మోగాయి, గులాల్ రంగుపొడి ఎగిసింది. నన్ను వేదిక మీదికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. ముసలాయన ఒక్కడే చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచాడు. ఆ రోజంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

ఏడాది తిరగకుండానే మా ఊరి లచ్చక్క చెల్లెలు చనిపోయింది. లచ్చక్క మా కార్యకర్తే, ఆ రోజు చెయ్యెత్తింది. చెల్లెలు మాత్రం ప్రార్థనకు పోయేది. ఠేకేదారు మనుషులు పొలం గట్టు మీద నిలబడి గొయ్యి తవ్వనివ్వలేదు. శవాన్ని జీపులో వేసుకుని దంతెవాడ అవతల ఎవరిదో స్థలంలో పూడ్చి, తిరిగి వస్తూ లచ్చక్క గీదంలో మా గుమ్మం దగ్గర కూలబడింది.

"ఆయన అడ్డం రాడని నువ్వే చెప్తివి గదనే."

"గెలిచినంక మాట మార్చిండక్కా."

నమ్మింది. పైగా, నువ్వేం జేస్తవ్ తీ అని నన్నే ఓదార్చి వెళ్లింది. నేను మొదటి అబద్ధాన్ని కోపంతో ఆడానని, పదవి ఆశతో ఆడానని ఎన్నో విధాల సర్దిచెప్పుకోగలను గాని, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి ముందు మంచినీళ్ల చెంబు పెడుతూ ఆడిన ఈ రెండో అబద్ధానికి ఏ పేరు పెట్టాలి? పేరు దొరకలేదు. పదవీ వదల్లేదు.

పోయిన నెల మళ్లీ ఎన్నిక. అదే భవన్. ఠేకేదారు తన ఘనతలు ఏకరువు పెడుతూ, ఫలానా ఊళ్లో ఫలానా శవాన్ని పొలం నుంచి వెనక్కి పంపించాను అన్నాడు. ఆ శవం లచ్చక్క చెల్లెలిదే. లచ్చక్క ముందు వరసలో ఉంది. ఆ మాటను మావాళ్లకు చెప్పే వంతు నాకు వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత ఆగలేదు. పోయిన ఎన్నికనాడు ఎవరు ఏమన్నారో, నేనెలా మార్చానో తెలుగులో చెప్పాను, దోర్లీలో చెప్పాను. పక్కన ఠేకేదారు తన ప్రసంగమే అనుకుని తల ఊపుతున్నాడు. అప్పుడు హిందీలో చెప్పాను. తల ఊపడం ఆగింది. మైకు కట్ చేశారు, చెయ్యి పట్టి లాగారు. ఒళ్లంతా తేలికైంది. ఆ క్షణం గెలిచింది నేనే.

లచ్చక్క లేచి నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు.

"మల్ల చెప్పు. ఎనకున్నోళ్లకు ఇనబడలే."

క్షమించమని నేను అడగలేదు. క్షమించానని ఆమె అననూ లేదు. అక్కడ తనకు ఎంత వినబడుతుందో చూస్తానన్నట్టు నడిచి వెళ్లి చిట్టచివరి వరసలో నిలబడింది. నేను మొదటి నుంచి మళ్లీ చెప్పాను, ఆమె దాకా చేరేటంత గట్టిగా.