ఆఖరి చుక్క గోళ్ళరంగు

మా లింగియాడీహ్ పేట కోడిపుంజులన్నిటికీ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: ఇకమీదట మీరు మీ మెడ ఈకలతో నిర్భయంగా తిరగవచ్చును. మీ వెనక చప్పుడు కాకుండా నడిచే మనిషి పోయాడు. మా పక్కింటి మావయ్య, గూడ్సు బండ్లకి గార్డుగా చేసి రిటైరైనవాడు, పోయిన నెలలో ఒక ఉదయం నిద్ర లేవలేదు. ఈ ప్రకటన చేయడానికి నువ్వెవడివని పుంజులు అడిగితే, పదో క్లాసు తప్పినవాడిననీ, ఆయనకి సగం ఈకలు పీకి తెచ్చింది నేనేననీ చెప్పుకుంటాను.

ఆ ఈకలతో ఆయన చేపల్ని మోసం చేసే పురుగులు కట్టేవాడు. గాలం ముల్లుకి ఈక చుట్టి, సన్నదారంతో బిగించి, నీళ్ళమీద వాలిన ఈగలా కనబడేట్టు చెయ్యాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు నేర్పాడట. వానపాము, పిండిముద్ద లాంటి ఎరలంటే ఆయనకి చిన్నచూపు.

"తిండి ఎట్టి పట్టుకోడం ఏటి గొప్పరా? ఏటీ ఎట్టకుండా రప్పించాల," అనేవాడు.

రంగుల కోసం ఈకల్ని పసుపునీళ్ళలో, ఉల్లిపొట్టుతో, బీట్‌రూటుతో ఉడకబెట్టేవాడు. టీకి వేరే గిన్నె లేదు. ఒకసారి నాకిచ్చిన టీ ఎర్రగా ఉంది.

"మావా, ఇది టీయేనా, ఈకల కషాయమా?"

"తాగెహె. గొంతు పుంజులాగ లేస్తాది."

డ్యూటీలో ఊపిన పాత చేతిజెండాలు విప్పి దారాలు లాగాడు. పచ్చదారంతో కట్టినవాటిని ఒక్క చేపా ముట్టలేదు. ఆయనకి కారణం తెలిసిపోయింది. "తప్పు నాదేరా అల్లుడూ. పచ్చ సూపిస్తే చేప ఆగుతాదేటి? లైన్ క్లియరని ఎల్లిపోతాది." ఎర్రదారం మొదలైంది. నేను ఊరుకోవచ్చు కదా? "ఎర్రది చూసి ఆగిన చేప మళ్ళీ పచ్చ పడేదాకా కదలదు కదా మావా, ఇంక నోరేం తెరుస్తుంది?" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమంతా ఆలోచించి, పొద్దున్నే ఎర్రవన్నీ విప్పేసి పసుపు దారం పట్టుకు కూర్చున్నాడు. "ఇది జాగర్తగా రమ్మని," అన్నాడు.

వ్యాపార్ విహార్ బజార్లో బస్తాలు కుట్టే నూలు తెచ్చి, విదేశీ పట్టుదారమని ఇచ్చాను. కళ్ళకద్దుకుని కట్టాడు. లోపల్లోపల నవ్వుకుంటుంటే, తలెత్తకుండానే అన్నాడు: "బస్తా నూలని నాకు తెల్దేటి? రంగు బాగుందని ఊరుకున్నాను." ఇలాంటి మనిషి పక్కింట్లో ఉంటే నాబోటివాడికి వేరే కాలక్షేపం ఎందుకు?

కట్టడం అయ్యాక ముడి ఊడకుండా పురుగు తలమీద ఒక చుక్క వార్నిష్ వెయ్యాలి. ఆయన దానికి బదులు వాళ్ళావిడ, అంటే మా అత్త, గోళ్ళరంగు వేసేవాడు, గులాబీది. ఆవిడ గుమ్మంలోంచి ఒకటే సణుగుడు.

"చేపలకి ముస్తాబు సేసి పెళ్ళిచూపులకి తోల్తారేటి? అచ్ఛా, ఒక్కటంటే ఒక్కటి ఇంటికి తెండి, సూద్దాం."

"తెస్తానే. నీ రంగేసిన దానికే పడతాది, సూడు."

వాళ్ళకి పిల్లలు లేరు. ఆ చేప రాకముందే అత్త పోయింది. సీసా మిగిలింది. తర్వాత ఆయన ఒక్కో చుక్కా దాచుకుని వాడాడు. రంగు చిక్కబడితే సీసాని ఎండలో పెట్టి, పుల్లతో తీసేవాడు. అచ్చం అదే రంగు కొత్త సీసా తెచ్చిస్తే కిటికీలో పెట్టేశాడు. "ఇది ఆవిడది కాదు గదరా." ఆ పాత సీసా అయిపోయేలోగా ఒక్క చేప. ఆయనకి మిగిలిన పని అదొక్కటే. అప్పటినుంచి ఈకల గురించి ఆయన్ని వేళాకోళం చెయ్యడానికి నాకు నోరు రాలేదు.

చలికాలంలో ఆఖరి చుక్కతో ఆఖరి పురుగు కట్టాడు. ఇద్దరం ప్యాసింజరెక్కి కర్గీ రోడ్ స్టేషన్లో దిగి, ఒక చెరువు వెతుక్కుని కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా పసుపు ఈక నీళ్ళమీద వాలింది. బుడుంగుమంది. అరచేయంత చేప. ఆయన చెయ్యి తడుపుకుని, ముల్లు తీసి, దాన్ని చాలాసేపు చూసి, నీళ్ళలో వదిలేశాడు.

పెద్దకర్మ భోజనాల దగ్గర ఎవడో పళ్ళికిలించాడు: "జన్మంతా ఈకలు పీకాడు, ఒక్క చేపైనా పడిందా?" చెయ్యి చాచి, ఇంత చేప అని చూపించి, ఇదే చెప్పాను. అందరూ తలొంచుకుని పెరుగన్నం తిన్నారు.

ఇంటికొచ్చాను. ఆయన వంటింటి కిటికీ మూసుంది, ఉల్లిపొట్టు వాసన లేదు. ఒకర్ని ఏడిపించాలంటే తిరిగి అనేవాడుండాలి. నా నోరు ఎందుకూ కొరగాకుండా పోయింది.

పుంజుల్లారా, మీకు మాత్రం నిజం చెప్పేస్తాను. చేప పడలేదు. బుడుంగుమనలేదు. అంతా నా కల్పన. ఆ రోజు చీకటి పడేదాకా నీళ్ళు కదల్లేదు. ఆయన దారం చుట్టుకుంటూ, "ఇయాల చేపలకి డ్యూటీ లేదేమోరా," అన్నాడు. పురుగుని నా చొక్కా జేబుకి గుచ్చాడు. తిరుగు బండిలో ఖాళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, "పడినా వండీడానికి ఎవులున్నార్రా," అన్నాడు. గాలికి నా జేబు మీద పసుపు ఈక ఎగిరిపోయేలా రెపరెపలాడుతూనే ఉంది.