తిరుచానూరు పోయిన వెంకటసామి

1977 జూన్‌లో పాకాల టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేరాను. మద్రాసులో పుట్టి పెరిగినదాన్ని, ఇరవై రెండేళ్ళు, కోపం ముక్కు మీదే ఉండేది. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను చెవికి అంటుకునే ఉండేది. అప్పట్లో వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాలి. మేము బోర్డులో తీగ గుచ్చి, అవతలి ఊరి ఆపరేటరును పిలిచి కలపాలి. మూడు నిమిషాలు ఒక యూనిట్. అది అయిపోగానే మధ్యలో దూరి "పొడిగించమంటారా?" అని అడగాలి. కలిపాక వినకూడదని రూలు. వినేవాళ్ళం.

పి.పి. కాల్ అని ఒకటుండేది. ఫలానా మనిషి ఉంటేనే మాట్లాడతానని బుక్ చేయడం. ఆ మనిషి లేకపోతే మూడు నిమిషాల చార్జీ పడదు, చిన్న రుసుముతో పోతుంది. ఈ సదుపాయాన్ని బెల్లం మండీ మునిరత్నం గారు వాడినట్టు ఇంకెవరూ వాడి ఉండరు. మద్రాసులో వియ్యంకుడి ఇంటికి రోజూ పొద్దున పదింటికి వెంకటసామి పేరు మీద బుక్ చేసేవారు. వాళ్ళు లేడనేవారు. "యాడికి పోయినాడంట?" అని ఈయన అడిగేవారు. బజారుకు పోయాడట అంటే చాలు, ఫోన్ పెట్టేసేవారు.

వాళ్ళ వీధిలోనే ఉండే మా లైన్‌మన్ అసలు సంగతి చెప్పాడు. ఆ ఇంట్లో వెంకటసామి అనేవాడే లేడు. మునిరత్నం గారి కూతురికి అక్కడ నెలలు నిండాయి. బజారంటే ఇంకా కాన్పు కాలేదని. తిరుపతి అంటే మగపిల్లాడు, తిరుచానూరు అంటే ఆడపిల్ల. మొదటి కాన్పులో ఆ అమ్మాయికి ప్రాణం మీదికి వచ్చిందట, అప్పటి నుంచి తల్లి చెంగమ్మ గారికి కంటి మీద కునుకు లేదట.

తల్లి సంగతి నా చెవికి ఎక్కలేదు. ఇన్నాళ్ళూ ఆయన బేరానికి నేను చాకిరీ చేశానన్నదే ఎక్కింది. రూలు పుస్తకం తీశాను. మనిషి లేడని మాత్రమే చెప్పాలి, ఎక్కడికి పోయాడో చెప్పడం మా పని కాదు. మర్నాడు మద్రాసు నుంచి "తిరుచానూరు పోయారు" అని వచ్చింది.

"పార్టీ లేరండీ," అన్నాను.

"యాడికి పోయినాడంట?"

"చెప్పే రూలు లేదు."

ఆయన కాసేపు బతిమాలి, "పోనీలే, ఎల్లుండికి వాళ్ళు రాసిన జాబు వచ్చేస్తాది," అన్నారు. వెనక నుంచి చెంగమ్మ గారి గొంతు వినిపించింది.

"జాబు వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టుకోని ఉండాల్నా? ఇట్లియ్యి దాన్ని." ఫోన్ చేయి మారింది. "పాపా, ఆ వెంకటసామి ఎవుడో నాకొద్దు. ఆ ఇంట్లో ఎవురుంటే వాళ్ళకి కలుపు."

"మూడు నిమిషాలకి ఎంతో తెలుసునా నీకు? మాట గాలికి పోతాది. దుడ్డయితే పెట్టెలో ఉంటాది," అన్నారాయన.

"ముప్పై ఏండ్లుగా నింపినావే, ఆ పెట్టె నీతో ఒక్క మాటన్నా మాట్లాడిందా?"

మామూలు కాల్‌గా మార్చి కలిపాను. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అని వియ్యపురాలు చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. మిగతాదంతా ముక్కు ఎవరి పోలిక అన్న వాదనకు పోయింది. తర్వాత చెంగమ్మ గారు బిడ్డను ఫోన్ దగ్గరికి తెమ్మన్నారు. బిడ్డ నిద్రపోతోంది. మూడు నిమిషాలయ్యాయని దూరాను.

"పొడిగించు పాపా."

"ఏం ఇనిపిస్తాండాది?" అన్నారు మునిరత్నం గారు.

"ఊపిరి తీస్తాండాది."

"ఊపిరికి గూడా దుడ్డా?"

"నువ్వు గమ్మునుండు."

పని తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆ లైన్ల మీద గొంతు చించుకున్నా మాట సరిగా వినపడేది కాదు. ఆమె విన్నది లైను హోరు. ఉస్సు, ఉస్సు అని, గాలి వీచే రోజుల్లో మరీ ఎక్కువ. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను. ఆలోగా మునిరత్నం గారు ఫోన్ లాక్కున్నారు. ఆరు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా అని అడిగాను.

"మాట్లాడొద్దు పాపా, ఇనపడదు," అన్నారు.

తొమ్మిది నిమిషాలకు చార్జీ వేశాను. లైను బాగాలేదని పార్టీ ఫిర్యాదు చేస్తేనే తగ్గించాలని రూలు. వాళ్ళు చేయలేదు, నేను చెప్పలేదు. యూనిట్ ఎంతసేపో చూడటమే ఆపరేటరు పని. అందులో ఏం వినపడిందో తేల్చుకోవాల్సింది డబ్బు కట్టేవాళ్ళు. ఇది రూలు పుస్తకంలో లేదు, పాకాలలో నేర్చుకున్నాను.

సోమవారం బెల్లం ధర కోసం వెంకటసామి పేరు మీద మళ్ళీ పి.పి. బుక్ అయింది. మద్రాసు వాళ్ళు అన్నమాట ఆయన అడక్కముందే చెప్పాను, కాళహస్తికి పోయాడట అని.