పది లీటర్ల మల్లికార్జున్

మల్లికార్జున్‌గారు జన్మలో ఒక్కసారైనా ట్యాంకు నిండా గ్యాస్, అదే పెట్రోలు, కొట్టించిన మనిషి కాదు. ఏ పంపు దగ్గర ఆగినా పది లీటర్లే. తాముండే స్కార్‌బరోలో పక్క వీధికి వెళ్లినా పదే, ప్రపంచం చివరిదాకా వెళ్లినా పదే. ఎందుకని అడిగితే మనిషికో సిద్ధాంతం చెప్పేవారు. ట్యాంకు నిండితే కారు బరువెక్కి మైలేజీ పడిపోతుందని ఆఫీసులో, గ్యాస్ కూడా పెరుగులాంటిదే, నిలవుంటే పులుస్తుందని ఇంట్లో.

అలాంటి మనిషి కారెక్కి క్యాంపింగుకి బయల్దేరడం ఆయన స్నేహితుడు వెంకటసుబ్బయ్యగారి ఖర్మ. ట్యాంకు సగానికి దిగితే ఈయనకి అన్నం సయించదు. సుపీరియర్ సరస్సు నీళ్లలోకి సూర్యుడు దిగడం కళ్లారా చూడాలని పదకొండేళ్ల కోరిక. దానికోసం ఐదు నెలల ముందే, సరిగ్గా ఒడ్డు మీద టెంటు వేసుకునే సైట్ బుక్ చేసుకున్నారు. దొరికింది ఒక్క శనివారమే. మర్నాడు తిరుగు ప్రయాణం.

తెల్లారకముందే బయల్దేరారు. పదేసి లీటర్ల చొప్పున, సడ్‌బరీ దాటేసరికే నాలుగు పంపులయ్యాయి. పోనీ, కొట్టించి వచ్చేస్తారా? డబ్బు కట్టొస్తానని లోపలికెళ్లిన మనిషి అరగంటకి గానీ బయటికి రారు. సుబ్బయ్యగారు కారు నెత్తిన కట్టిన టెంటుకి కాపలా కాస్తూ, దోమలకి ఆతిథ్యమిస్తూ కూర్చునేవారు. కడుపులో ఏమైనా తేడా చేసిందా అని అయిదో పంపు దగ్గర మర్యాదగా అడిగారు. ఆరో పంపు దగ్గర మర్యాద మానేశారు. మల్లికార్జున్‌గారు మాత్రం తాజా గ్యాస్ గొప్పతనం వివరిస్తూ హాయిగా స్టీరింగ్ తిప్పారు.

ఏడోది దాటాక అసలు ముచ్చట జరిగింది. అటు అడవి, ఇటు బండలు, ఫోన్లో సిగ్నల్ లేదు. గ్యాస్ లైటు వెలిగింది. సుబ్బయ్యగారు ఏసీ కట్టేశారు, అద్దాలు దించనివ్వలేదు, చివరికి ఊపిరి కూడా పొదుపుగా పీల్చారు. కారు ఎలాగో ఎనిమిదో పంపులోకి పాకింది. అప్పటికి సాయంత్రం ఏడున్నర. సైట్ ఇంకా గంటన్నర దూరం. అస్తమయానికి రెండు గంటలే ఉంది.

మల్లికార్జున్‌గారు యథాప్రకారం పది లీటర్లు కొట్టి లోపలికి మాయమయ్యారు. ఇరవై నిమిషాలు చూసి, టెంటుని దేవుడికి వదిలేసి, కడిగేద్దామని సుబ్బయ్యగారూ లోపలికి వెళ్లారు.

కౌంటరు వెనక ఇరవై రెండేళ్ల అమ్మాయి గలగలా మాట్లాడుతోంది. మల్లికార్జున్‌గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నారు. పేరు రిషిత, జగిత్యాల పిల్ల. సార్నియాలో చదువు. ఆ ఏడాది అక్కడ ఒక్క ఉద్యోగానికి వందమంది స్టూడెంట్లు వరస కట్టడంతో సెలవులకి ఇంత దూరం వచ్చి పడింది. పగలంతా ఒక్కతే ఇక్కడ. ఇంటికి తీసుకెళ్లే ఓనర్ వేరే ఊళ్లో చిక్కుకుపోయాడు. బస్సు అన్నది ఆ రోడ్డు ఎరగదు.

మల్లికార్జున్‌గారు దొంగలా దొరికిపోయి తల గోక్కున్నారు.

"ట్యాంకు నింపితే ఒక్కచోటే ఆగుతాం సుబ్బయ్యగారూ. పది లీటర్లయితే పంపుల్లో చేసే మన పిల్లల్ని ఎనిమిది మందిని పలకరించొచ్చు. న్యూజెర్సీలో నేనూ పంపులో చేశా. నెల రోజులు తెలుగు మాట చెవిన పడలేదు."

తర్వాత నేల చూస్తూ, ఈ అమ్మాయిని దింపి వద్దామని మాటిచ్చేశానన్నారు. రూము పక్కరోడ్డులో యాభై కిలోమీటర్ల లోపలికట.

సుబ్బయ్యగారు లెక్క వేసుకున్నారు. సూర్యుడు దక్కడు. పదకొండేళ్ల కోరిక గల్లంతు. అరుద్దామనే నోరు తెరిచారు.

"లేటయితది అంకుల్, మీరు పోండి" అంది రిషిత. "ఓనర్ వచ్చేదాంక కూసుంటా, నాకు అలవాటే."

ఆ అలవాటే అన్న మాట సుబ్బయ్యగారికి ఎక్కడో తగిలింది. బయటికెళ్లి వెనక సీట్లోని కుర్చీలు, స్టవ్వు, దుప్పట్లు తీసి డిక్కీలో కుక్కి, అమ్మాయికి చోటు చేశారు. దారంతా ఆ పిల్ల జగిత్యాల కబుర్లు చెప్పింది. సూర్యుడు ఎక్కడో చెట్ల వెనక తన పాటికి తను దిగిపోయాడు. సుబ్బయ్యగారు తల తిప్పలేదు.

రూము ఇంకా పది కిలోమీటర్లుందనగా గ్యాస్ ముల్లు చూసి, తిరిగి రావడానికి సరిపోతుందా అని గొణిగారు. సరిపోదన్నారు మల్లికార్జున్‌గారు, ఏమాత్రం సిగ్గు లేకుండా.

"మా రూమున్న ఊళ్లె పంపుంది అంకుల్. మా ఫ్రెండ్ స్నేహ అండ్ల పని చేస్తది" అంది రిషిత.

సుబ్బయ్యగారు నిట్టూర్చి సీటు బెల్టు సర్దుకున్నారు.

"ఈసారి కారు దగ్గర మీరుండండి. లోపలికి నేను వెళ్తాను."