పడిపోయిన మనిషిని చూడబాక

మా నాయన గొర్రెల కాపరి. జీవితంలో ఒక్కసారే మోసపోయాడు. ఆ ఒక్కసారినీ మా మేనమామ ఊరంతా చాటాడు.

తర్లుపాడు దారిలో మంద మేపుతుంటే మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చారు. ఒకడు ఎండదెబ్బ తగిలినట్టు కూలబడ్డాడు. రెండోవాడు తువ్వాలుతో విసురుతూ నీళ్లు, నీళ్లు అని అరిచాడు. నాయన పక్క చేలో బోరు దగ్గరికి పరిగెత్తి నీళ్లు తెచ్చేసరికి వాళ్లిద్దరూ లేరు, పెద్ద పొట్టేలూ లేదు.

"గొర్రెల్ని కాసీ కాసీ నువ్వూ గొర్రెవైనావు బావా" అని నవ్వాడు మామ. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఆయన గొర్రెలూ, ఊళ్లో ఇంకొందరివీ నాయన మందలోనే మేసేవి. "నీకు కన్ను ఆనడంలే. వచ్చే సోమవారం నా జీవాలు నేను తోలుకపోతా" అన్నాడు. ఒకరు విడదీస్తే మిగతావాళ్లూ విడదీస్తారు. ఊళ్లో నాయనకున్న పేరంతా ఆ మందే. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ కొంచెం మండుతుంది.

ఆ వారమే మార్కాపురం హాల్లో ఒక ఇంగ్లీషు సినిమా రెండో భాగం తెలుగులో వచ్చింది. నలుగురు ఇంద్రజాలికులు వేదిక మీద ఆట చూపిస్తూనే దోపిడీలు చేసే కథ. మొదటి భాగాన్ని మామ ఫోనులో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ముగ్గురం వెళ్లాం. "నీకు అర్థం కాదులే బావా, నేను చెప్తా ఉంటా" అని నాయన పక్క సీటే పట్టాడు.

నాయన తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని, మంద ముందు నిలబడినట్టే రెప్ప వేయకుండా కూర్చున్నాడు.

సినిమాలో గాజుపెట్టెలో వజ్రాల హారం, చుట్టూ తుపాకులతో కాపలా. వేదిక మీద ఆట చూపిస్తున్న అమ్మాయి ఉన్నట్టుండి కళ్లు తిరిగి ఆ పెట్టె పక్కనే పడిపోయింది. జనంలోంచి ఒకడు వచ్చి ఆమెకు విసరసాగాడు. కాపలావాళ్లందరూ అటు తిరిగారు. "అయ్యో పాపం" అన్నాడు మామ.

"ఆ పిల్లను చూడబాక" అన్నాడు నాయన. మందను అదిలించే గొంతు కదా, సగం హాలుకు వినబడింది. "అట్టముక్కతో విసురుతా ఉండాడే, వాణ్ణి చూడు. హారం వాడే తీసినాడు."

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగారు. "ఊరుకో బావా, వాడెవడో చూసేదానికొచ్చినోడు" అని మామ కసిరాడు. నాయన మాట తప్పయితే మామ దీన్ని కూడా ఊరంతా చాటుతాడు.

గంటసేపు పోలీసులు వెతికాక, దొంగతనం ఎలా జరిగిందో తెర మీద విడమరిచి చూపించారు. విసురుతున్నవాడు, అట్ట చాటున వాడి రెండో చెయ్యి, చేతిలో హారం. ముందు వరసలో ఒకాయన లేచి, "పెద్దాయనా, ముందే ఎట్ల చెప్పినావు?" అని చప్పట్లు కొట్టాడు. ఇంకొందరు కలిశారు. ఈయన మా నాయన అని అడగనివాళ్లకు కూడా చెప్పాను. అంత గర్వం నాకు నా ఉద్యోగం వచ్చిన రోజున కూడా లేదు.

"నేనూ అదే అనుకుంటా ఉండినా" అన్నాడు మామ. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

తిరుగు ఆటోలో ఆయనే మెల్లగా అడిగాడు. "నిజంగా ఎట్ల కనుక్కున్నావు?"

"పడిన మనిషికి విసిరేటోడు ఆ మనిషిని చూస్తాడు. వీడు పెట్టెను చూసినాడు. ఆ పొద్దు నా పొట్టేలును కూడా ఒకడు అట్లనే చూసినాడు. అప్పుడు నాకు తెలీలా."

మామ, "జీవాలు నీ మందలోనే ఉండనీలే బావా" అన్నాడు.

నాయన తలగుడ్డ చుట్టుకున్నాడు. "ఇన్నేండ్లు నీ జీవాల్ని కాసినా. నా కన్ను బాగుందని నీకు సినిమావోళ్లు చెప్పాల్సి వచ్చిందా?"

సోమవారం మామ తన జీవాల కోసం రాలేదు.