గడియ వేసుకోమన్న గొంతు

“ఊయల్లో ఉన్న పాపను కూడా కెమెరా ముందుకు తీసుకురా.”

ఫోనులోని ఖాకీ చొక్కా మనిషి ఆ మాట అన్నప్పుడు మొదటిసారి నా ఒళ్లు జలదరించింది. ఊయల అతనికి కనిపించే చోట లేదు. పాప సంగతి నేను చెప్పలేదు. దాని గొలుసు కిర్రుమనడం విన్నాడేమో. అప్పుడు మాత్రం మా గిద్దలూరు ఇంట్లో నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టే అనిపించింది.

నా ఆధార్‌తో ఎవరో మత్తుమందుల పార్సిల్ పంపారట. నన్ను వీడియోలోనే అరెస్టు చేశారట. గడియ వేసుకోమన్నాడు, వేసుకున్నాను. ఎవరికైనా చెబితే నాకు జైలు, పిల్లలకు అనాథాశ్రమమేనన్నాడు. డిగ్రీ చదివిన నేను బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

బడి నుంచి పెద్ద పిల్లలిద్దరూ వచ్చి తలుపు కొట్టారు.

“అమ్మా, తియ్యి! ఏంది, నిద్రపోయినావా?” అంది కూతురు.

తెర మీద అతను పెదవులకు వేలు ఆనించాడు.

“అవ్వా, మా అమ్మ పలకటంలే!”

పక్కింటి ముసలామె వచ్చి కిటికీ తట్టింది. “ఏందమ్మాయ్, పొద్దు గూకేయాళ తలుపేసుకున్నావు? మొగుడి మీద అలిగి పిల్లోళ్లను బయట నిలబెడతావా?”

వాకిట్లో ఆ సందడి వింటే పెద్దారవీడులో మా చిన్నాన్న అరెస్టయిన రోజు గుర్తొచ్చింది. గట్టు తగాదా కేసు. వాకిలి నిండా జనం. పోలీసులే మా నాయనను పొలం నుంచి పిలిపించి, కేసేమిటో చెప్పి, అరెస్టు కాగితం మీద సాక్షి సంతకం పెట్టించుకున్నారు.

“సార్, కాగితం మీద మావాళ్లు సాక్షి సంతకం పెట్టాలి కదా. పిలవమంటారా?” అన్నాను.

తెర మీద ముఖం కదలలేదు. పెదవులు కూడా కదలలేదు. గొంతు మాత్రం వచ్చింది.

“తలుపు తీశావంటే ఆ పాప నీకు దక్కదు.”

పాపను ఎత్తుకుని గడియ తీశాను. వెనక్కి చూస్తే తెర నల్లగా ఉంది.

పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి వచ్చాక, అరెస్టు గురించి చట్టం ఏమంటుందో చదివాను. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. మనవాళ్లకు తెలియజేయాలి. లాయరును అడగవచ్చు. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. వీడియోలో అరెస్టు అనేదే చట్టంలో లేదు. ఇవన్నీ తెలిసినా, రాత్రుళ్లు ఊయల కిర్రుమంటే ఫోను వైపే చూస్తున్నాను.

ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు పొద్దున కూతురికి జడ వేస్తూ పిల్లలకు చెప్పాను. “నేను తలుపు తీయకపోతే, లోపల్నుంచి పొమ్మన్నా పోవద్దు. వీధంతా వినపడేట్టు అరవండి.”

“నువ్వు తిడితే?” అంది కూతురు.

“తిట్టినా సరే, అరవండి.”