రేసు కారు ఎదురు తన్నిన ఆదివారం

నిన్న ఇంట్లో ఉండలేక సైదాబాద్‌లో పాత కార్ల ప్రదర్శనకు వెళ్లాను. ఒకాయన తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును స్టార్ట్ చేయడానికి ముందు నుంచి హ్యాండిల్ తిప్పుతున్నాడు. ఆ పెట్రోలు వాసనకు మన దబీర్‌పురా గల్లీ గుర్తొచ్చింది. దోస్తులారా, మా బాపు రేసు కారు మీకూ గుర్తుండే ఉంటుంది. ఎండకు కాలే ఆ రెక్జిన్ సీటు కోసం మనం కొట్టుకునేవాళ్లం.

హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి. అప్పుడు ఇంజిన్ ఎదురు తన్ని హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగినా చేయి జారిపోతుంది. ఆ ఆదివారం రేసుకు ఆలస్యమై, బాపు పిడికిలి బిగించి పట్టుకున్నాడు. ఇంజిన్ తన్నింది. మణికట్టు విరిగి ఎముక బయటికొచ్చింది.

ఎదురింటి ఖాదర్ భాయ్ ఆ చేయి చూడలేదు. "ఏంది అన్నా, నువ్వు బండిని తిప్పుతున్నవా, బండే నిన్ను తిప్పుతున్నదా?" అన్నాడు.

నేను పకపకా నవ్వాను.

బాపు ఎడమ చేత్తో హ్యాండిల్ ఊడబీకాడు. ముందు హెడ్‌లైట్లు పగలగొట్టాడు. తర్వాత నా మీదికి వచ్చాడు. "నవ్వుతవురా? పండ్లు రాలగొడ్త!"

"మామా, వద్దు! ఆడు సస్తడు!" అని అరుస్తూ పక్కింటి సుజాత నా చొక్కా పట్టి గుంజింది. దెబ్బ నా తల తప్పి కారు అద్దానికి తగిలింది. గాజు పెంకు ఆమె నుదుట్లో దిగింది. రక్తం కళ్లలోకి కారుతున్నా ఆమె నా చొక్కా వదల్లేదు.

పెద్దయ్యాక మా పెళ్లయింది. పోయిన నెల, పాడె మీద ఆమెకు బొట్టు పెట్టమన్నారు. ఆ గాటు మీదే పెట్టాను.