మేడం తుడవని గీత

సిరిసిల్లలో నూలుకు పెట్టే గంజి ఉడుకుతున్న వాసన తగిలితే చాలామందికి ఇల్లు గుర్తొస్తుందేమో. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ వాసన వెంట రాజేశ్వరి మేడం గుర్తొస్తారు, ఆమె వెంట ఆమెను వెళ్లగొట్టినవాళ్లు గుర్తొస్తారు.

జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె మాకు రసాయనశాస్త్రం చెప్పేవారు. పుట్టింది సిరిసిల్ల నేతవాళ్ల ఇంట్లో, కాపురం కోరుట్లలో. కణం చుట్టూ ఉండే కొవ్వు పొర గురించి ఒకరోజు ఇలా చెప్పారు: "సల్లగుంటే కొవ్వు అణువులన్ని బిర్రుగ నిలవడ్తయి. ఒక వేడికి రాంగనే అన్ని ఒక్కపారే సడలుతయి. నడుమ కొలెస్ట్రాల్ జొరవడ్డదనుకో, మరీ గట్టిగ కానియ్యది, మరీ వదులు కానియ్యది." మేం తెల్లమొహాలు వేస్తే నవ్వారు. "మా అమ్మ గంజిల నూనె చుక్క ఎందుకేస్తది? ఉత్త గంజి పెడ్తె పోగు పెళుసై తెగుతది గద!"

నమ్మకం కుదరాలని మా చేతే ప్రయోగం చేయించారు. కొవ్వు కలిపి పాలలా తెల్లబడిన నీళ్లను మెల్లగా వేడిచేస్తూ, ఏ వేడి దగ్గర ఎంత తెలుపు మిగిలిందో కొలిచి గ్రాఫు గీశాం. ఉత్త కొవ్వుకు గీత నలభై ఒక్క డిగ్రీల దగ్గర నిట్టనిలువునా పడింది. కొలెస్ట్రాల్ బాగా కలిపినదానికి ఆ పడటమే లేదు, ఏటవాలుగా జారింది. అచ్చం మేడం చెప్పినట్టే వచ్చింది! రెండు గీతలనూ పెద్ద కాగితం మీద గీసి గోడకు పెట్టాం.

కాలేజీకి తనిఖీవాళ్లు వస్తున్నారని మా డిపార్ట్‌మెంట్ హెడ్ ల్యాబుకు వచ్చాడు. రెండో గీత చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంది మేడం, ఫెయిలైన ప్రయోగం గోడకు పెడ్తరా? రెండూ ఒక్కతీరుగ గీయించుండ్రి."

"ఫెయిల్ కాలే సార్. కొలెస్ట్రాల్ చేసే పనే గది."

"అచ్చేటోళ్లకు గివన్ని సమజైతయా? తుడిచి గీయుండ్రి."

"నేను తుడువ సార్. పిల్లలు కండ్లార చూసిండ్రు."

ఆ ఏడాది చివర ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఎందుకని అడిగితే "మేడంకు సర్దుకపోవుడు రాదు" అన్నాడు హెడ్. సర్దుకుపోవడమట! అబద్ధం గీయమన్నవాడికి కాలేజీ వార్షికోత్సవంలో శాలువా కప్పారు. నిజం చెప్పినావిడ సంచీ పట్టుకుని కోరుట్ల బస్సు కోసం నిలబడింది. సాగనంపడానికి వెళ్లి నేను ఏడిస్తే కసిరారు. "ఏడ్సుడెందుకే పిల్లా? కోపం తెచ్చుకో. ఏడ్పు నేను బస్సెక్కేదాంక గూడ నిలువది."

ఇప్పుడు నేనూ కాంట్రాక్టు లెక్చరర్నే. జరిగిందేదో జరిగింది, మరిచిపో అంటారు తోటివాళ్లు. ఎందుకు మరవాలి? మొన్న నా క్లాసులో ఒక అమ్మాయి, తన కొలత పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాలేదని, ఎవరూ ఏమీ అనకముందే బెదురుతూ రబ్బరు తీసింది. ఆ భయం ఎలాంటివాళ్లు నేర్పుతారో నాకు తెలుసు. రబ్బరు లాక్కున్నాను.

"మళ్ల కొలువు బిడ్డా. గట్లనే అస్తే గట్లనే గీయి. ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు."

నా గొంతు వరండా దాకా వినబడింది. ప్రిన్సిపాల్ తలుపు దగ్గర ఆగి చూశాడు. నేను గొంతు తగ్గించలేదు.